వాసాలు చెక్కిన చేతులు

కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండ ఎక్కినవాళ్ళకి గుండ్రటి చైత్యగుహ గుర్తుండే ఉంటుంది. మధ్యలో స్తూపం, చుట్టూ ప్రదక్షిణకి దారి. తలెత్తి చూస్తే కప్పంతా రాతి వాసాలు, గొడుగు ఊచల్లా నడిమి నుంచి కిందికి దిగుతుంటాయి. క్రీస్తుకు పూర్వం నాటి పని.

ఇలాంటివి మనుషులు చెక్కలేరని ఇప్పుడు వీడియోలొస్తున్నాయి. బీహారులోని బరాబర్ గుహలకి యంత్రాలు వాడారట, రాయిని కరిగించారట! అవి చూసి మా ఆడపడుచు కొడుకు “గుంటుపల్లీ అంతే అత్తయ్యా, ఉలితో అయ్యే పనేనా?” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా మామగారు వడ్రంగం చేసేవారు. ఆయన చెక్కిన గుమ్మంలోంచే వాడు మా ఇంట్లోకి వస్తాడు. “రేపెవరో వచ్చి ఇది మీ తాత చెయ్యలేదంటే ఒప్పుకుంటావురా?” అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

అసలు కొండకి వాసాలతో పనేమిటి? అవి లేకపోతే కప్పు కూలుతుందా? కర్రతో, తాటాకుతో ఇళ్ళు కట్టడం అలవాటైన చేతులే రాతిలోనూ వాసాలు చెక్కుతాయి. కొల్లేటి లంకలో మా అమ్మమ్మగారిది చుట్టిల్లు. నులక మంచం మీద వెల్లకిలా పడుకుంటే ఇదే కప్పు కనిపించేది. రాయిని కరిగించగల మొనగాళ్ళకి మా అమ్మమ్మ ఇల్లెందుకు నచ్చుతుందండీ! పైగా అది ఇసుకరాయి, ఉలికి లొంగుతుంది.

అక్కడే దొరికిన శాసనంలో సిరిసద మహారాజు లేఖకుడు చులగోమ, మండపం దానమిచ్చినట్టు రాయించుకున్నాడు. స్టీలు గిన్నెల మీద మనం పేర్లు కొట్టించుకోమూ, అలాగే!

మా వీధిలో ఒకావిడ వాదన ఇంకోటి. అది మొదట్నించీ శివాలయమే, బౌద్ధులదన్నది కల్పన అని. ఆ స్తూపాన్ని ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు, నేనూ దణ్ణం పెట్టుకుంటాను. దానికోసం భిక్షువుల గదుల్నీ, కొండమీది పదుల కొద్దీ చిన్న స్తూపాల్నీ కాదనాలా? తాజ్‌మహల్లో మూసిన 22 గదులు తెరిపించమని 2022లో ఒకరు అలహాబాద్ హైకోర్టుకి కూడా వెళ్ళారు. కోర్టు కొట్టేసింది. మాటలు మాత్రం ఆగలేదు.

కార్తీకంలో వనభోజనాలకి వెళ్ళేవాళ్ళు పొద్దున్నే బయల్దేరండి. మెట్లున్నాయి, మంచినీళ్ళు మోసుకెళ్ళండి. పిల్లల చేత గుహలో వాసాలు లెక్కపెట్టించండి.