గోల్ఫు కర్రకు కామ

మేము తరతరములుగా బెంగళూరున స్థిరపడినవారము. 1876లో ఇచట స్థాపింపబడిన గోల్ఫు మైదానమున మా నాయన యౌవనమున క్యాడీగా నుండి, పరుల కర్రలు మోయుచునే ఆట నేర్చిరి. మైదానమున అందరును షాఫ్టు అనుచుండగా, ఇంట ఆయన దానిని పారకు వలెనే ‘కామ’ అనెడివారు.

పారకు కామ దాని వెడల్పు నడుమ నిలుచును. గోల్ఫు కర్రకు అట్లు కాదు. తల అంతయు కామకు ఒక ప్రక్కకే పొడుచుకొని యుండును. బరువు కామ గీతకు వెలుపల నుండుటచే, ఊపులో తల వెనుకబడి ముఖము తెరచుకొనజూచును. కుడిచేతి ఆటగాని బంతి కుడికి పోవును. ఆ ముఖమును సకాలమున మూయవలసినవి ముంజేతులే. పట్టరు తప్ప తక్కిన కర్రలన్నిటికిని కామ మడమవైపుననే యుండవలెనని నియమము.

ఆ పట్టరు విషయమునను పూర్వము పెద్ద తగవే నడచినది. 1904లో అమెరికా ఆటగాడు వాల్టర్ ట్రావిస్, నడుమకు చేరువగా కామ గల షెనెక్టడీ పట్టరుతో బ్రిటిష్ అమెచ్యూరు పోటీ గెలిచెను. 1910లో సెంట్ ఆండ్రూస్ పెద్దలు అట్టి కర్రలను నిషేధించిరి. ఆరేండ్లు గడచినవి గనుక అది ఓటమి కోపమనుట న్యాయము కాదేమో; నాకు మాత్రము అట్లే తోచును. 1951 నాటి నియమ సంస్కరణముతో గాని ఆ నిషేధము తొలగలేదు.

నాయనకు డెబ్బదవ ఏట పక్షవాతము సోకి కుడి మణికట్టు బలము తగ్గెను. పెద్ద ఊపులు మానిరి. గ్రీనుపై చిన్న దెబ్బ యొక్కటే మిగిలెను. అదియు కుడికే తప్పుచుండెను. “నా చేయి నా మాట వినుట లేదురా” అని ఒకనాడు కర్రను తలుపు మూలకు చేర్చిరి.

నేను దానిని తీసి, కామను వ్రేలిపై అడ్డముగా నిలిపి చూచితిని. తల కొన నేలవైపు వ్రేలాడెను. కామను వంచి చేసిన వేరొక పట్టరును తెచ్చి అట్లే నిలుపగా, ముఖము ఆకాశమును చూచెను. దాని బరువు కామ గీతకు సూటిగా క్రిందనే యున్నది. ఊపులో తెరచుకొను మొగ్గు తక్కువ.

“చేయి చెడినదని కర్ర మార్చుదునా?” అని ఆయన మూడు వారములు దానిని ముట్టలేదు. నాల్గవ వారము, ఎవరును లేని వేళ, ఆరడుగుల దూరమునుండి పది బంతులు కొట్టిరి. ఆరు గుంటలో పడినవి. తక్కినవి గురి తప్పినవి. గురిని ఏ కామయు దిద్దజాలదు. కాని ఒక్కటియు పూర్వమువలె కుడికి జారలేదు.

ఆ రాత్రి రెండు పట్టరులను ఎడమచేతి వ్రేలిపై మార్చి మార్చి నిలుపుచు, అమ్మ భోజనమునకు పిలిచినను ఆయన లేవలేదు.