ఇంకొకటి పోతే?

డేటా సెంటర్‌లో ఒక సర్వర్ చచ్చిపోయినా వాడేవాళ్లకు తెలియకూడదు. వర్చువల్ స్టోరేజ్ క్లస్టర్‌ని కట్టుకునేదే అందుకు. 2014 మార్చిలో వీఎంవేర్ తెచ్చిన వీశాన్ ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. విడిగా స్టోరేజ్ పెట్టె కొనక్కర్లేదు. సర్వర్లలో ఉన్న డిస్కులన్నీ కలిసి ఒకే నిల్వగా కనిపిస్తాయి. మామూలు అమరికలో ప్రతి వర్చువల్ మెషిన్ డేటాకూ రెండు కాపీలు రెండు వేర్వేరు సర్వర్లలో ఉంటాయి. తేడా వస్తే మెజారిటీ ఎటుందో తేల్చడానికి మూడో సర్వర్లో ఒక చిన్న సాక్షి భాగం ఉంటుంది. ఒక సర్వర్ పోతే రెండో కాపీతో పని సాగుతుంది. జీతాల లెక్క ఆగదు, ఆస్పత్రి రికార్డు తెరుచుకుంటుంది. లోపాన్ని బయటికి పొక్కనివ్వకపోవడమే ఈ ఏర్పాటు గొప్పతనం. సరిగ్గా అందుకే దాని ఆరోగ్యం చూసే స్క్రిప్టు వేరే ప్రశ్న వేయాలి. ‘పని చేస్తోందా?’ అని అడిగితే, కూలడానికి ఒక్క అడుగు దూరంలో ఉన్న క్లస్టర్ కూడా చేస్తోందనే చెబుతుంది. స్టెప్నీ అప్పటికే వాడేసిన కారు కూడా రోడ్డు మీద బాగానే పరిగెడుతుంది. అడగాల్సింది, ఇంకొకటి పోతే నిలుస్తుందా అని.

ఈ ప్రశ్నకు జవాబు చాలావరకు లెక్కలోనే ఉంది. సెఫ్ అనే ఓపెన్ సోర్స్ స్టోరేజ్‌నే చూడండి. మామూలుగా దానిలో డిస్కు 85 శాతం నిండితే హెచ్చరిక వస్తుంది. 90 దాటితే పోయిన కాపీలను ఆ డిస్కు మీదికి తిరిగి చేర్చడం ఆగుతుంది. 95కి చేరితే రాతలే ఆగిపోతాయి. ఇప్పుడు నాలుగు సమానమైన సర్వర్లున్న క్లస్టర్ 70 శాతం నిండి ఉందనుకుందాం. హెచ్చరిక లేదు, అంతా పచ్చగా ఉంది. ఒక సర్వర్ పోయిందంటే దాని భారం మిగతా మూడింటి మీద పడాలి, అంటే ఒక్కోటీ 93 శాతానికి పోవాలి. 90 దగ్గరే మరమ్మతు ఆగిపోతుంది. అదే 70 శాతం పది సర్వర్ల క్లస్టర్‌లో అయితే ఒకటి పోయినా మిగతావి 78 దగ్గర ఆగుతాయి, ఏ ఇబ్బందీ లేదు. ఒకే అంకె ఒకచోట క్షేమం, ఇంకోచోట ప్రమాదం. అన్నిటికంటే పెద్ద సర్వర్‌ని తీసేసినట్టు భావించి, మిగిలిన చోటులో 90 శాతం దాటకుండా మొత్తం డేటా పడుతుందా అని చూసే స్క్రిప్టుకు పది వరుసలు చాలు. వీశాన్‌లోనూ ఇలాంటి ముడే ఉంది. సర్వర్ కనబడకుండా పోతే, రీబూట్ అయి వస్తుందేమోనని అది మామూలుగా 60 నిమిషాలు ఆగి, అప్పుడు కొత్త కాపీ కట్టడం మొదలుపెడుతుంది. మూడే సర్వర్లున్నచోట ఆ గంట గడిచినా కట్టడానికి నాలుగో చోటు లేదు. అక్కడ పోయిన సర్వర్ తిరిగొచ్చేదాకా ఒంటి కాపీతోనే బతకాలి.

డిస్కునే నీ ఆరోగ్యం ఎలా ఉందని అడగొచ్చు కదా అంటారు. అడగాలి, కానీ దాని మాట మీదే ఆధారపడకూడదు. లక్షకు పైగా డిస్కులను పరిశీలించి గూగుల్ ఇంజనీర్లు 2007లో ఒక పత్రం ప్రచురించారు. పాడైన డిస్కుల్లో సగానికి పైగా, డిస్కు తన గురించి తానే ఇచ్చే ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సంకేతాల్లో ఒక్కటీ చూపకుండానే పోయాయని అందులో తేలింది. అంతకంటే కలవరపెట్టేది 2019 నవంబర్‌లో హెచ్‌పీఈ కంపెనీ తానే ఇచ్చిన హెచ్చరిక. కొన్ని ఎస్ఎస్‌డీల ఫర్మ్‌వేర్‌లో లోపం వల్ల అవి సరిగ్గా 32,768 గంటలు, అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు నడిచాక పనికిరాకుండా పోతాయి. ముందు గంటదాకా వాటికి ఏ రోగమూ లేదు. రెండు కాపీలూ ఒకే రోజు బిగించిన అలాంటి డిస్కుల మీదే ఉంటే రెండూ కలిసే పోతాయి. ఒకటి పోయినప్పుడు రెండోది ఉంటుందన్న నమ్మకం మీదే కదా ఇదంతా నిలబడింది! కాబట్టి స్క్రిప్టు ప్రతి డిస్కు ఫర్మ్‌వేర్ వెర్షన్‌నూ నడిచిన గంటలనూ సేకరించి, కవలల్లా ఉన్నవాటిని విడిగా చూపాలి.

కంపెనీవాళ్లే ఆరోగ్య పరీక్షలు కట్టి ఇస్తుంటే సొంత స్క్రిప్టు దేనికన్న ప్రశ్న న్యాయమైనదే. వీశాన్‌లో ఆ పరీక్షలు చాలా లోతుగా ఉంటాయి, వాటిని తిరిగి రాయడం వృథా శ్రమ. పవర్‌సీఎల్ఐ, ఈఎస్ఎక్స్‌సీఎల్ఐ అనే కమాండ్ సాధనాల ద్వారా వాటి ఫలితాలనే తీసుకోవాలి. కానీ ఏ మెషిన్ మీద జీతాలు నడుస్తున్నాయో, దేనికి రెండు కాపీలు ఉండి తీరాలో కంపెనీకి తెలియదు, మీకు తెలుసు. పైగా ఆ పరీక్షలు చూపించే వీసెంటర్ చాలాచోట్ల అదే వీశాన్ మీద వర్చువల్ మెషిన్‌గా నడుస్తుంటుంది. నిల్వ కూలితే కబురు చెప్పాల్సినదీ దానితోపాటే కూలుతుంది. అందుకని స్క్రిప్టు క్లస్టర్ బయట, వేరే యంత్రం మీద ఉండాలి.

స్క్రిప్టులు పాతబడతాయి, ఎవరూ చూడకుండానే పాడవుతాయి అన్నది ఇంతకంటే గట్టి అభ్యంతరం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేసినప్పుడు ఈ సంగతి లోకానికి తెలిసింది. డేటాబేస్ 9.6 వెర్షన్, బ్యాకప్ సాధనం 9.2 వెర్షన్ కావడంతో బ్యాకప్‌లు విఫలమవుతూ వచ్చాయి. విఫలమైందని చెప్పే మెయిళ్లను కూడా మెయిల్ అసలుదో కాదో చూసే డీమార్క్ అమరిక వాటికి లేదని అవతలి సర్వర్ తిరస్కరించింది. దాదాపు ఆరు గంటల డేటా పోయింది. ఆ సంస్థే ఇదంతా దాచకుండా ప్రచురించింది, అది మనందరికీ చేసిన మేలు. అయితే ఈ ఉదంతం స్క్రిప్టులు వద్దనడానికి ఆధారం కాదు, వాటిని ఎలా రాయాలో చూపుతుంది. లాగిన్ కాలేకపోయిన స్క్రిప్టు ఖాళీ జాబితాను లెక్కపెట్టి ‘లోపాలు 0’ అని రాస్తుంది. అది ఆరోగ్యం కాదు, చూడలేదని అర్థం. నాగియోస్ అనే పర్యవేక్షణ సాధనం పద్ధతిలో 0 బాగుంది, 1 హెచ్చరిక, 2 ప్రమాదం అయితే, 3 అంటే తెలియలేదు. ఆ మూడో అంకెను మరిచిపోయిన స్క్రిప్టు లేకపోవడమే మేలు. అలాగే చెప్పిన వేళకు ఫలితం రాకపోతే మరో యంత్రం కేకెయ్యాలి.

ఇన్ని కేకలు పెడితే వినేవాళ్లు విసిగిపోరా అంటే, చివరికి మనిషిని లేపాల్సిన అంకె ఒకటే: ఇంకా ఎన్ని సర్వర్లు పోయినా తట్టుకోగలం? 1 అయితే తెల్లారాక చూడొచ్చు, 0 అయితే ఇప్పుడే లేవాలి. ఆ అంకె తెలిసిన స్క్రిప్టు చేతికే మరమ్మతు కూడా అప్పగిద్దామన్న ఆశను మాత్రం నేను ఒప్పుకోను. దానికి చదివే అధికారమే ఇవ్వాలి; సగం తెలిసిన స్థితిలో రెండో సర్వర్‌ని రీబూట్ చేస్తే ఉన్న ఒక్క కాపీ పోతుంది. స్క్రిప్టుకు అసలైన చోటు సర్వర్లను ఒక్కొక్కటిగా అప్‌డేట్ చేసే ప్యాచింగ్ రాత్రి. ఒక సర్వర్ అయ్యాక, మిగిలిన రీసింక్ (కాపీలను తిరిగి సమం చేసే పని) సున్నా అయిందని, ప్రతి ఆబ్జెక్టుకూ కాపీలు పూర్తిగా ఉన్నాయని స్క్రిప్టు చెప్పేదాకా తర్వాతి సర్వర్ మీద చెయ్యి పడకూడదు, షెడ్యూల్ ఎంత ఆలస్యమైనా సరే.