పన్నెండు అడుగులు

దూరపు కొండలు నునుపని పెద్దలు అన్నారు గాని, దగ్గరి కొండల గరుకు సంగతి ఎవరూ వివరంగా చెప్పలేదు. అసలు కష్టమంతా దగ్గరలోనే ఉందని నాకు ఈమధ్య గట్టిగా అనిపిస్తోంది. నాలుగువందల మందికి పెళ్ళివంట అవలీలగా చేయించగల ఇల్లాలికి, పొద్దున్నే ఇంట్లో నలుగురికి ఏం టిఫిను చెయ్యాలన్నది తెగని సమస్య. నవలలో ముప్ఫై ప్రకరణాలు సాఫీగా నడిచిపోతాయి. ఆఖరి పేజీ దగ్గరకు వచ్చేసరికి కలం మొరాయిస్తుంది. చిత్తూరు నుంచి నిక్షేపంగా వచ్చిన బస్సు పూతలపట్టు మలుపులో ఆగిపోతుంది. ఈ దగ్గరి కష్టాన్నే ఒక ఆటగా చేసి, దానికి నియమాలు రాసి, పోటీలు పెట్టి ఆడుకునేవాళ్ళు ఉన్నారని మా అక్క కూతురు వచ్చి చెప్పేదాకా నాకు తెలీదు.

ఆ అమ్మాయి అమెరికాలో నార్త్ కెరొలైనా రాష్ట్రం, షార్లెట్‌లో ఉద్యోగం చేస్తోంది. మామిడికాయల కాలంలో నెల్లాళ్ళ సెలవు మీద వచ్చి, తిరుపతిలో అమ్మ దగ్గర నాలుగు రోజులుండి, "చిన్నమ్మ దగ్గర కొన్నాళ్ళుంటా"నంటూ మా ఊరు వచ్చేసింది. పెట్టె తెరిస్తే చీరల కంటే ముందు రంగురంగుల ప్లాస్టిక్ పళ్ళేలు బయటపడ్డాయి. ఒకటి కాదు, రెండు కాదు, డజను!

"ఏమిటే ఇవి? ఇడ్లీలు పెట్టుకోడానికా?" అన్నాను.

"కాదు చిన్నమ్మా, డిస్క్ గోల్ఫ్" అంది.

గోల్ఫు పేరు మీరూ వినే ఉంటారు. బంతిని కర్రతో కొట్టి ఎక్కడో ఉన్న గుంటలో పడెయ్యడం. ఇందులో బంతీ లేదు, కర్రా లేదు, గుంటా లేదు. చేత్తో చక్రాన్ని విసురుతారు. నిలువు కడ్డీకి ఇనుప బుట్ట అమర్చి ఉంటుంది. బుట్ట పైన గొలుసులు వేలాడుతుంటాయి. చక్రం వెళ్ళి ఆ గొలుసులకు తగిలి బుట్టలో పడాలి. చెట్ల మధ్య నుంచి, వాగుల మీద నుంచి, అలా సాధారణంగా పద్దెనిమిది బుట్టలు. అన్నిట్లోనూ కలిపి ఎవరు తక్కువ విసుర్లలో ముగిస్తే వాళ్ళు నెగ్గినట్టు. దూరం వెళ్ళే చక్రం వేరు, మధ్యదూరానిది వేరు, బుట్ట దగ్గరకొచ్చాక నెమ్మదిగా వేసేది వేరు. ఆ చివరి విసురునే 'పట్' అంటారట.

ఈ చక్రానికి పుట్టిల్లు వంటిల్లేనంటే ఆశ్చర్యపోతారు. కనెటికట్ రాష్ట్రంలో బ్రిడ్జ్‌పోర్ట్ అనే ఊళ్ళో ఫ్రిస్బీ వారి మిఠాయి కంపెనీ ఒకటి ఉండేది. పండ్ల పూర్ణం పెట్టి కాల్చిన 'పై'లను రేకు పళ్ళేల్లో అమ్మేది. తినడం అయిపోయాక ఆ రేకుల్ని కాలేజీ కుర్రాళ్ళు ఒకరి మీదకొకరు విసురుకునేవారు. వామో అనే బొమ్మల కంపెనీ 1957లో ప్లాస్టిక్ చక్రాన్ని అమ్మకానికి పెట్టి, తర్వాత దానికి ఆ పేరే ఖాయం చేసింది. ఆ కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ అనే ఆయన, చక్రం తొణకకుండా ఎగిరేట్టు మెరుగుపరిచి 1967లో పేటెంటు తీసుకున్నాడు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఈ ఆటకు మొదటి శాశ్వత మైదానం ఏర్పాటు చేసినదీ, ఆ తర్వాత గొలుసుల బుట్ట కనిపెట్టినదీ ఆయనే. అందరూ ఆయన్ని 'స్టెడీ ఎడ్' అనేవారు. అంటే నిలకడ ఎడ్ అన్నమాట. 2002లో ఆయన పోయాక, ఆయన కోరిక ప్రకారమే చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి చక్రాలు పోతపోశారు.

ఈ సంగతి వింటూ కూర్చున్న ఎదురింటి అవ్వ బుగ్గన వేలేసుకుంది. "గంగలో కలిపితే ఒగే తూరి పోతాడు. ఇట్లయితే పోయినోడు మళ్ళా మళ్ళా ఎగురుతానే ఉంటాడు గదమ్మా!" అంది. అవ్వ తీర్పు మీద అప్పీలు లేదు.

ఇంతకీ మా అమ్మాయి ఈ ఆటలో తీసిపారేసేదేం కాదు. డబ్బుకోసం ఆడే వృత్తి ఆటగాళ్ళ కోవ కాదు గాని, ఔత్సాహికుల పోటీల్లో పేరు నమోదు చేసుకుని శనివారాలు ఆడుతుంది. రెండువందల అడుగుల దూరం నుంచి విసిరితే బుట్ట పక్కనే వాలుతుంది. చిక్కంతా ఆ తర్వాతే. పోయిన చలికాలం ఒక పోటీలో చివరి బుట్ట. ముందంజలో తనే ఉంది. మిగిలింది పన్నెండు అడుగులు. మన వంటింటి గడప నుంచి వీధి గడపకు ఉన్నంత దూరం! వేసిన చక్రం బుట్ట అంచుకు తగిలి, కింద పడి, దొర్లుకుంటూ పల్లంలోకి పోయింది. తిరిగి వేసింది. అదీ పోయింది. మొదటి స్థానం నుంచి నాలుగో స్థానానికి జారింది.

"ఓడినందుకు కాదు చిన్నమ్మా. అప్పట్నించీ ఆ దూరంలో నిలబడితే చెయ్యి కొయ్యబారిపోతుంది. ఇంట్లో వందకు తొంభై వేస్తాను. నలుగురు చూస్తుంటే పడవు" అంది. వాళ్ళాయన మంచివాడు. "ఆటేగా, మానెయ్యరాదూ" అన్నాట్ట. మా అక్క సంతోషంగా "హమ్మయ్య, పీడ వదిలింది" అందిట. ఒకరిది ప్రేమ, ఒకరిది విసుగు. రెండూ చెప్పింది మాత్రం ఒకటే మాట.

నేను ఆ మాట అనలేకపోయాను. కాలేజీ రోజుల్లో టెన్నికాయిట్ ఆడినదాన్ని. మీలో చాలామంది ఆడే ఉంటారు. ఓడ డెక్కుల మీద పుట్టిన ఆ రబ్బరు రింగు ఆట మన ఆడపిల్లల స్కూళ్ళకు ఎంత చేరువైందో మీకు చెప్పక్కర్లేదు. దానికీ ప్రపంచ పోటీలున్నాయి. మొదటివి 2006లో మన పక్కనే చెన్నైలో జరిగాయి. ఆ ఆటలో రింగును ఒంటిచేత్తో పట్టుకోవాలి, పట్టుకున్న చోటు నుంచే వెంటనే తిప్పికొట్టాలి. భయపడ్డానికి వ్యవధి ఉండదు. ఈ అమ్మాయి ఆటలో ఉన్నదంతా వ్యవధే. చక్రం చేతిలో ఉంటుంది, బుట్ట కదలదు, అందరూ నిశ్శబ్దంగా నిలబడతారు. ఆ నిశ్శబ్దంలో మనసు మాట్లాడ్డం మొదలుపెడుతుంది. చెయ్యి దాని మాట వింటుంది. పెళ్ళిచూపుల్లో కాఫీ కప్పు ఎందుకు వణుకుతుందో తెలిసినవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

వెనక పెరట్లో వేపకొమ్మకు వెదురు గంప వేలాడదీశాం. గొలుసులు ఎక్కణ్ణించి తేవడం? అవ్వ పలుపుగొలుసు తెచ్చిచ్చింది. "ఆవునమ్మేసినాక ఊరికే ఉండాది, కట్టుకోండి" అంది. తెల్లవారి ఎండ ముదరకముందు గంట, సాయంత్రం గంట. నేను పడిపోయిన చక్రాలు ఏరే ఉద్యోగంలో చేరాను.

అలా ఏరుతూ ఏరుతూ ఈ విద్యలో కొంత నాకూ పట్టుబడింది. బొంగరంలా తిప్పి తిన్నగా వేసే పద్ధతి ఒకటుంది. తిప్పుడు తగ్గించి, కింది నుంచి పైకి మెల్లగా నెట్టే పద్ధతి మరొకటి. ఏది మంచిదన్న తగువు ఎప్పటికీ తేలదు. పూటకో పద్ధతి మార్చకపోవడమే మంచిదని మా అమ్మాయి తేల్చింది. బుట్ట మొత్తాన్ని చూడకూడదు. గొలుసులో ఒక్క లింకును ఎంచుకుని దాన్నే చూడాలి. బరువు ముందుకాలి మీదికి రావాలి గాని ఒళ్ళు ముందుకు తూలకూడదు. బుట్ట చుట్టూ పది మీటర్ల లోపల ఉన్నప్పుడు, విసిరిన తర్వాత నిలదొక్కుకోకుండా ముందుకు అడుగేస్తే తప్పు కింద లెక్క. చక్రం చేయి వదిలాక కూడా చేయి అక్కడే, గురివైపు చాచి ఉండాలి. ఎదురుగాలి చక్రాన్ని పైకి లేపుతుంది, వెనకగాలి కిందికి అణుస్తుంది. ఊపిరి, అడుగు, చూపు, విసురు, ఇవన్నీ ప్రతిసారీ అదే వరసలో జరగాలి. రోజూ ముగ్గువేసే చెయ్యి చుక్కలు లెక్కపెట్టుకుంటుందా? ఆ స్థితికి రావాలన్నమాట.

అన్నిటికంటే నాకు నచ్చింది ఆమె అభ్యాసానికి వాడే లెక్క. అయిదు చక్రాలు తీసుకుని పది మీటర్ల నుంచి మొదలుపెట్టాలి. అయిదూ పడితే మళ్ళీ పది మీటర్ల నుంచే. నాలుగు పడితే తొమ్మిది మీటర్లకు రావాలి, మూడైతే ఎనిమిది, రెండైతే ఏడు, ఒకటైతే ఆరు. ఒక్కటీ పడకపోతే అయిదు మీటర్లు. ఎన్ని పడ్డాయో దాన్ని దూరంతో హెచ్చవేస్తే మార్కులు. ఎనిమిది మీటర్ల నుంచి మూడు పడితే ఇరవై నాలుగు. అలా ఇరవై వరసలు. అన్నీ పడితే వెయ్యి మార్కులు. మొదటిరోజు మా అమ్మాయికి అయిదువందలు దాటలేదు. రెండుసార్లు అయిదు మీటర్లకు రావలసి వచ్చింది. అప్పుడు ముఖం చూడాలి! పరీక్ష తప్పి, చెల్లెలి క్లాసులో కూర్చోబెట్టినట్టు.

నాకు మాత్రం ఆ లెక్కలో గొప్ప దయ కనిపించింది. తప్పినవాళ్ళను శిక్షించదు, దగ్గరికి పిలుస్తుంది. 'ఇక్కణ్ణించి వెయ్యి, తర్వాత మళ్ళీ వెనక్కి వెళుదువుగాని' అంటుంది. మన ఇళ్ళల్లో అలా ఉంటుందా? కొత్తకోడలు చేసిన సాంబారులో ఉప్పెక్కువైతే, మర్నాడు పది రూపాయల కొత్తిమీర పచ్చడితో మొదలుపెట్టనిస్తామా? చుట్టాలందరినీ పిలిచి పూర్ణాలు వండిస్తాం. తప్పిన ప్రతిసారీ మెట్టు ఎత్తు పెంచుతాం. అందుకే మనలో చాలామంది ఒక పని ఒకసారి చెడితే, ఇక ఆ పని జోలికే పోరు. వీణ అటకెక్కుతుంది, సైకిలు తుప్పుపడుతుంది, సగం రాసిన కథ ట్రంకుపెట్టె అడుగున నిద్రపోతుంది.

మూడోవారం మా అక్క తిరుపతి నుంచి బస్సు దిగింది. పెరట్లో గంపను, గొలుసును, చెమటలు కారుతున్న కూతుర్ని చూసి నన్నే పట్టుకుంది. "దానికి బుద్ధి చెబుతావనుకుంటే నువ్వు పళ్ళేలు అందిస్తున్నావా? ముప్ఫైమూడేళ్ళు వచ్చాయి. అక్కడ ఒంటరిగా చెట్ల వెంట తిరుగుతుంది. ఇది దేనికి పనికొస్తుందే?"

అక్క కోపం కింద ఉన్నది భయమని నాకు తెలుసు. ఏడు సముద్రాల అవతల కూతురుంది. రాత్రి ఫోను మోగితే గుండె ఆగుతుంది. మనవడో మనవరాలో కావాలన్న కోరిక అడగలేక గొంతులో ఉండిపోయింది. అవన్నీ ఈ ప్లాస్టిక్ పళ్ళేల మీద విరుచుకుపడ్డాయి. అందుకని వాదించలేదు. "అక్కా, మన వీధిలో తొక్కుడుబిళ్ళలో నిన్ను గెలిచినవాళ్ళున్నారా?" అన్నాను.

అక్క ఒక క్షణం ఆగింది. "పెంకు బాగా అరగదీసుకునేదాన్ని" అంది. తర్వాత తనే, "చివరి గడే కష్టం. గీత మీద పడుతుంది పాడుది" అంది. ఆ పెంకును లంగా బొడ్డులో దోపుకుని బడికి వెళ్ళేది. పన్నెండో ఏట పెద్దమనిషైంది. వీధిలో గెంతకూడదన్నారు. పెంకు ఏమైందో ఎవరూ అడగలేదు. అది దేనికి పనికొస్తుందని అప్పుడు అడగలేదు గాని, దేనికీ పనికిరాదని మాత్రం తీర్మానించేశారు.

విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023 అక్టోబరులో చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఒంటరి ఆట ఫైనల్లో నూటయాభైకి నూట నలభైతొమ్మిది. యాభై మీటర్ల దూరంలో, ఎనిమిది సెంటీమీటర్ల వలయం. పదిహేను బాణాల్లో పద్నాలుగు అందులోనే! పతకం వచ్చాక ఎవరూ 'దేనికి పనికొస్తుంద'ని అడగరు. పతకం రాని కోటానుకోట్ల మంది సంగతే ప్రశ్న. మా అమ్మాయికి పతకం రాకపోవచ్చు. వారమంతా ఆఫీసుకూ ఇంటికీ చెందిన చెయ్యి శనివారం పొద్దున రెండు గంటలు తనదవుతుంది. నాకు తెలిసినంతలో అది చిన్న లాభం కాదు.

అక్క ఒప్పుకుందా అని అడగకండి. ఆ సాయంత్రం పెరటి గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ, చక్రం గంపలో పడినప్పుడల్లా తలెత్తకుండానే "ఊఁ" అంది. పడనప్పుడు ఊరుకుంది. లెక్క మాత్రం పెట్టుకుంటోందని చేతులు చెప్పాయి. వెళ్ళేముందు మా అమ్మాయి మార్కులు ఏడువందల దగ్గర కొచ్చాయి.

మొన్న ఉత్తరం లాంటి పొడుగాటి మెసేజీ పంపింది. పోటీలో మళ్ళీ ఆడిందట. పన్నెండడుగుల విసురు ఒకటి తప్పిందట. "తప్పింది చిన్నమ్మా, కాని తర్వాతది వెయ్యగలిగాను" అని రాసింది. అయిదో స్థానం. అక్కకు ఫోను చేసి చెబితే, "ఎంతమందిలో?" అంది. పద్దెనిమిది మందిలో అన్నాను. "పర్లేదు" అంది మా అక్క! ఆ ఆటలో నలభై దాటినవాళ్ళకూ, యాభై, అరవై, డెబ్బై దాటినవాళ్ళకూ వేరువేరు తరగతులున్నాయని కూడా రాసింది. ఆ చివరి వాక్యం ఎవరికోసం రాసిందో నాకు అర్థం కాకపోలేదు. రెండు చక్రాలు నా దగ్గరే వదిలి వెళ్ళింది మరి.

ఇంతలో ఎదురింటి అవ్వ మళ్ళీ పాడి ఆవును కొంది. గొలుసు కావాలంది. ఇచ్చేశాను. చిత్తూరు బజారుకు వెళ్ళి, ఇనుపసామాన్ల అంగట్లో కొత్త గొలుసు బేరం చేశాను. అంగడతను గొలుసు చేత్తో తూచి, "ఆవుకా అమ్మా, దూడకా?" అన్నాడు.

"నాకేనయ్యా" అన్నాను.