ఒక్కొక్క స్వరమే
(పన్నెండవ తరగతి అక్క, తొమ్మిదవ తరగతి తమ్ముడు కలిసి రాసినది)

గిటార్‌కు ఆరు తీగలుంటాయి. చాలామంది వాటన్నిటినీ ఒకేసారి జల్లుమని మీటి, పాటకు తోడుగా వాయిస్తారు. మేము మాత్రం ఒకసారికి ఒక్క తీగ, ఒక్క స్వరమే వాయిస్తాం. అది గిటార్‌లా కూడా వినిపించదు. ఒకసారి నాదస్వరంలా, ఒకసారి పాత సినిమా పాటల్లోని కీబోర్డులా, ఒక్కోసారి ఏనుగు ఘీంకరించినట్టు ఉంటుంది. "మీకు గిటార్ రాదా?" అని అడిగే మిత్రులకు జవాబుగా ఈ నాలుగు మాటలు.

మా నాన్నగారు రైల్వే ఉద్యోగి. విశాఖపట్నం, ఖరగ్‌పూర్ అయ్యాయి, ఇప్పుడు ఝాన్సీలో ఉన్నాం. విశాఖలో అక్క కీబోర్డు నేర్చుకునేది. బదిలీ అయినప్పుడు దాన్ని పిన్ని వాళ్ల పిల్లలకిచ్చి వచ్చేశాం. ఖరగ్‌పూర్‌లో చదువు ముగించుకొని వెళ్తున్న ఒక అన్నయ్య తన ఎలక్ట్రిక్ గిటార్‌ను, చిన్న స్పీకరు పెట్టెను, నాలుగు పెడల్స్‌ను తక్కువ ధరకు మాకిచ్చాడు. నేర్పేవారు దొరికేలోపు ఝాన్సీకి ఆర్డరు వచ్చింది. అందుకని మాకు మేమే నేర్చుకున్నాం. అక్క తీగ మీటుతుంది. తమ్ముడు కింద కూర్చుని పెడల్స్ మీద ఉండే నాబ్‌లు తిప్పుతాడు. మా ఇంట్లో ఒక స్వరం పలకాలంటే ఇద్దరు మనుషులు కావాలి!

ఒక్క స్వరమే ఎందుకు? పెడల్ పనిచేసే తీరు తెలిస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. లావు తీగల్లో రెండోదాన్ని వట్టిగా మీటితే అది సెకనుకు 110 సార్లు కంపిస్తుంది. ఆక్టేవ్ పెడల్ ఆ కంపనాలను లెక్కపెట్టి, రెండింటికి ఒకటి చొప్పున 55 చేసి వదులుతుంది. అప్పుడు అదే స్వరం ఒక స్థాయి కింద, మంద్రంలో పలుకుతుంది. రెండు తీగలు కలిపి మీటితే పాపం ఆ పెట్టెకు దేన్ని లెక్కపెట్టాలో తెలియదు. తడబడి గొణుగుతుంది.

ఫజ్ పెడల్ సంగతి మరోటి. గుండ్రంగా లేచి పడే ధ్వని తరంగాన్ని అది పైనా కిందా కత్తిరించి చదరంగా చేస్తుంది. సింథసైజర్లు తయారుచేసే మూల తరంగాల్లో చదరపు తరంగం ఒకటి. గిటార్ కీబోర్డులా వినిపించడంలో రహస్యం ఇదే. కానీ ఇక్కడ కూడా రెండు స్వరాలు కలిపి పంపితే, వాటి మొత్తానికీ తేడాకూ సరిపడే కొత్త మోతలు పుడతాయి. 110తో 139 కలిస్తే, మనం మీటని 249 పైన, 29 అడుగున చేరతాయి. ఒక్క స్వరం పంపితే మాత్రం ఎంత బాగుంటుందో! ఆ తరువాత ఫిల్టర్ నాబ్ మెల్లగా తిప్పితే, మూసిన నోరు తెరుచుకుంటున్నట్టు "ఊ" అన్నది "ఆ" అవుతుంది. చివరిది డిలే. అది స్వరాన్ని కాసేపటికి మళ్లీ మళ్లీ, కొంచెం తగ్గిస్తూ వినిపిస్తుంది.

ఇలా వాయించడం తేలికేమీ కాదు. మీటిన తీగ మోగుతున్నప్పుడు మిగిలిన ఐదూ నోరు మూసుకుని ఉండాలి. ఫజ్ వేశాక, వేలు కాస్త తగిలినా పక్క తీగ అరుస్తుంది. కుడి అరచేతి అంచుతో కొన్నిటిని, ఎడమ వేళ్ల కొసలతో కొన్నిటిని ఆపాలి. గిటార్ మెడ చివర, మొదటి మెట్టు దగ్గర అక్క జడ రబ్బరు బ్యాండు చుట్టి ఉంచుతాం. వట్టి తీగలు వాటంతటవే మోగకుండా అది ఆపుతుంది. ముందు స్వరాన్ని పూర్తిగా ఆపాకే తరువాతిది ఎత్తుకోవాలి. ఈ ఒక్క పనికి మాకు ఆరు నెలలు పట్టింది.

నరసాపురంలో ఉండే అమ్మమ్మకు ఫోనులో వినిపిస్తే ఆవిడ నవ్వలేదు. "వీణ మీద కూడా పాట ఒక్కొక్క స్వరంగానే కదర్రా నడిచేది!" అంది. తరువాత మాండొలిన్ శ్రీనివాస్ గారి గురించి చెప్పింది. ఆయన 1969లో ఆ పక్కనే పాలకొల్లులో పుట్టారు. మాండొలిన్ పాశ్చాత్య వాద్యం. దానికి జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. ఆయన ఐదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి, దేశదేశాల్లో పేరు తెచ్చుకున్నారు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదట. ఆయన పాడేవారు, శిష్యుడు ఆ పాటను తీగ మీద పట్టుకునేవాడు.

ఈ మాట మాకు దారి చూపింది. ఎవరైనా కూనిరాగం తీయగలిగిన పాట ఏదైనా సరే, మేము వాయించగలం. ఎందుకంటే కూనిరాగం తీసేటప్పుడు ఎవరి గొంతులోనైనా ఒకసారికి ఒక్క స్వరమే కదా! మన స్కూల్లో ఝాన్సీ పిల్లలకంటే బయటి ఊళ్ల పిల్లలే ఎక్కువ. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక్కొక్కరిని "మీ ఇంటి పాట ఒకటి వినిపించు" అని అడగడం మొదలుపెట్టాం. అస్సాం మిత్రుడు బిహూ పాట అన్నాడు. కేరళ అమ్మాయి పడవ పాట అంది. ఒక్కొక్క పాటకు ఒక్కొక్క గొంతు వెతుకుతాం. బిహూకు ఫజ్, పడవ పాటకు మంద్రస్థాయి. పాట ఇచ్చినవాళ్లు విని "ఇదే" అన్నాకే నోటుపుస్తకంలో స్వరాలు రాసుకుంటాం. ఇప్పటికి పదకొండు పాటలయ్యాయి.

వాటిలో ఆరోది గఢ్వాలీ జోలపాట. తమ్ముడి తరగతిలో ఒక అమ్మాయి ఇచ్చింది. వాళ్ల నాన్నగారు సైన్యంలో ఉన్నారు. ఆమెకు సగమే గుర్తుంది. మిగతా సగం సెలవుల్లో నానమ్మను అడిగి చెబుతానంది. ఈలోగా అక్టోబరులో వాళ్లకు జోర్హాట్‌కు బదిలీ అయింది. వెళ్లే ముందు రోజు కూడా స్కూలుకు వచ్చింది కానీ, ఎవరికీ పాట గుర్తు రాలేదు. మేము ఆ సగాన్నే డిలే వేసి వాయించి, నాన్నగారి ఫోనులో రికార్డు చేసి పంపాం. మూడు వారాలు ఏ జవాబూ లేదు. తరువాత ఒక ఆదివారం ఒక ముసలావిడ గొంతు వచ్చింది. మధ్యలో దగ్గుతూ, పాట మొత్తం పాడింది. చివర హిందీలో, "మొదటి భాగంలో మూడో స్వరం కొంచెం పైకి లాగాలి బిడ్డా" అని చెప్పింది. ఆ అమ్మాయి అంతకాలం తప్పుగా పాడుతోందట! తీగను వేలితో కొంచెం పక్కకు నెట్టి, ఆ స్వరాన్ని పైకి లాగాం. ఇప్పుడు పాట సరిగా ఉంది. జోర్హాట్‌లో తన చిన్న తమ్ముణ్ణి మా రికార్డింగు పెట్టి నిద్రపుచ్చుతోందని తెలిసింది.

వచ్చే జూలైలో అక్క కాలేజీకి, హాస్టలుకు వెళ్లిపోతుంది. గిటార్ ఇంట్లోనే ఉంటుంది. మీటే చేయి, నాబ్ తిప్పే చేయి ఇకమీదట ఒకరివే కావాలి. అందుకని తమ్ముడు రోజూ సాయంత్రం అక్క దగ్గర మీటడం నేర్చుకుంటున్నాడు. నాబ్‌ను కాలి బొటనవేలితో తిప్పవచ్చునేమో అని కూడా చూస్తున్నాడు. సాక్సు ఉంటే జారుతుంది, లేకపోతే పరవాలేదు.

మిత్రులారా! మీలో ఎవరికి ఎప్పుడు ఆర్డరు వస్తుందో మీకూ తెలియదు, మాకూ తెలియదు. పాట మొత్తం రాదని మొహమాటపడకండి. వచ్చినంతవరకు చాలు. నోటుపుస్తకంలో పన్నెండో పేజీ ఖాళీగా ఉంది. తొమ్మిదవ తరగతి, బి సెక్షను, కిటికీ పక్క మూడో బెంచీ దగ్గరకు వచ్చి కూనిరాగం తీయండి.