బొగ్గుల మీద కందనకాయ



జపాన్‌లో ఏం తిన్నారు అయ్యగారూ అని తిరిగొచ్చిన దగ్గర్నుంచి అడుగుతూనే ఉన్నారు. చాలానే తిన్నాను గాని, ఒక్క పూట గురించే రాస్తాను.

టోక్యోలో షింజుకు స్టేషన్‌కు పడమటి వైపు ఒమోయిదే యోకోచో అనే సందు ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక నల్లబజారుగా మొదలైన చోటు. ఎదురుగా మనిషి వస్తే పక్కకు ఒరగాలి, అంత ఇరుకు. అక్కడి యాకిటోరి కొట్టుకు నన్ను తీసుకెళ్లింది మన ఇళ్లలో ఒకరి కొడుకే. ఇది రాయడానికి ఒప్పుకున్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు.

యాకి అంటే కాల్చినది, తోరి అంటే పక్షి. కోడిని చిన్న ముక్కలుగా కోసి, వెదురు పుల్లలకు గుచ్చి, బొగ్గుల మీద కాలుస్తారు. మసాలా ఏమీ ఉండదు. ఉప్పు చల్లుతారు, లేదా తారే అనే తియ్యటి సోయా రసంలో ముంచుతారు. ఆ రసంలో మామూలుగా బియ్యపు సారాయి కలుపుతారని తెలిసి నేను ఉప్పువే చెప్పాను. తాగడానికి చల్లటి ఊలాంగ్ టీ. (మీలో కొందరు అడుగుతారని ముందే చెబుతున్నాను.)

మన దగ్గర సర్కారు తుమ్మ బొగ్గు కాల్చినవాళ్లకు ఆ బొగ్గు చూస్తే ముచ్చటేస్తుంది. బించోతాన్ అంటారు. ఉబామె అనే ఓక్ జాతి చెట్టు కర్రతో చేస్తారు, వకాయామా ప్రాంతానిది పేరున్నది. ఒకదానితో ఒకటి తగిలితే ఇనుములా ఖంగుమంటుంది. మంట లేవదు, లోపల్లోపలే ఎర్రగా చాలాసేపు ఉంటుంది. వంటాయన విసనకర్రతో విసురుతూ, పుల్లలు తిప్పుతూ, మాతో ఒక్క మాట మాట్లాడలేదు.

వాళ్ల నాన్న నాకు ఒక పని అప్పగించాడు. ఇంటి స్థలం విషయంలో మాటా మాటా వచ్చి, తండ్రీకొడుకులు మాట్లాడుకుని ఏడాదిన్నర అయింది. "మా వాడు ఎందుకు ఫోన్ చేయడో అడిగి రండి అయ్యగారూ" అన్నాడు. నేను అడగలేదు. తిందాం ముందు అనుకున్నాను.

సెమినరీలో గ్రీకు పాఠంలో నేర్చుకున్న మాట ఒకటి అప్పుడు గుర్తొచ్చింది. బొగ్గుల నిప్పుకు యోహాను రాసిన మాట కొత్త నిబంధన మొత్తంలో రెండేసార్లు వస్తుంది. ఒకటి, ప్రధాన యాజకుని ముంగిట్లో పేతురు చలి కాచుకుంటూ ప్రభువును ఎరగనన్నప్పుడు. రెండోది, తిబెరియ సముద్రపు ఒడ్డున తెల్లవారుజామున ప్రభువు చేపలు కాలుస్తున్నప్పుడు. అక్కడ ఆయన పేతురును మూడుసార్లు అడిగాడని ఎన్నో ప్రసంగాలు విన్నాం. కానీ ఆ అడగడం వాళ్లు తిన్న తరువాతే. రాత్రంతా వల వేసి వచ్చినవాళ్లు. తడిసి, ఆకలిగా ఉన్నారు. ఆయన ముందు పిలిచింది తిండికి. మన ఇళ్లలో తప్పిపోయిన పిల్లవాడు గుమ్మం ఎక్కగానే మొదలయ్యేది విచారణ. పళ్లెం ఆ తరువాత వస్తుంది, వస్తే.

తొడ మాంసం తిన్నాం, ఉల్లికాడలతో గుచ్చినది తిన్నాం. తోలు కరకరలాడేలా కాల్చి పెట్టారు. తరువాత వచ్చింది సునగిమో. నేను ఒకటి కొరికి, "ఇది మన కందనకాయే కదరా బాబూ" అన్నాను.

అబ్బాయి పుల్ల చేతిలో పట్టుకుని ఊరుకుండిపోయాడు. కాసేపటికి, "మా ఇంట్లో కోడి కోస్తే ఇది నాకేనండీ. చెల్లి ఏడ్చినా నాన్న నా పళ్లెంలోనే వేసేవాడు. ఒక్కసారి కూడా ఆయన తినడం చూళ్లేదు" అన్నాడు.

నేనేమీ అనలేదు. వంటాయన ఇంకో రెండు పుల్లలు మా ముందు పెట్టాడు.

"ఇప్పుడు మన ఊళ్లో టైమెంతండీ?" అన్నాడు. అక్కడ రాత్రి ఎనిమిది. మనకు నాలుగున్నర, పొలం నుంచి వచ్చే వేళ. అంత చిన్న కొట్లో ఫోన్ మాట్లాడటం మర్యాద కాదు. గుడ్డ తెర పక్కకు తీసుకుని సందులోకి వెళ్లాడు. తెర కింద నుంచి బూట్లు మాత్రం కనబడుతున్నాయి, అటు రెండడుగులు, ఇటు రెండడుగులు. వేడి మీదే తినాలని అబ్బాయే నాకు చెప్పాడు గాని, వాడి కందనకాయ నా ఎదుటే చల్లారిపోయింది.