చేవ్రాత చక్కగా ఉన్న పిల్ల

పదవీ విరమణానంతరం తెలుగు పండితుడికి ఒక వృత్తి మిగులుతుంది. ఊరివారికి అర్జీలు వ్రాసిపెట్టడం. పింఛన్లు, పాసుపుస్తకాలు, గట్టు తగాదాలు అన్నీ మా అరుగు మీదికే వస్తాయి. వాటిలో ఒక్క అర్జీని గూర్చి మాత్రం చదువరులతో నాలుగు మాటలు చెప్పుకోవాలని ఉంది.

కోరివచ్చినవాడు నా పూర్వ విద్యార్థి, ఆటో నడుపుకొంటాడు. అతని కూతురికి ఎనిమిదేళ్ళు, మూడవ తరగతి, పుట్టు చెవుడు. ఆ సంగతి నిర్ధారణ అయ్యేసరికే అయిదేళ్ళు దాటాయి. లోపలి చెవిలో యంత్రం అమర్చే శస్త్రచికిత్స పసితనంలో చేస్తేనే మాట వచ్చే అవకాశం ఎక్కువట. శిబిరంలో ఇచ్చిన శ్రవణ యంత్రం పెట్టుకొంటే లారీ హారను తెలుస్తుంది కాని మాట తెలియదు.

పిల్ల నోటుపుస్తకం తెప్పించి చూశాను. తలకట్లు, గుడులు, వట్రసుడులు, ఒత్తులు అన్నీ అచ్చుపోసినట్లున్నాయి. నా ఉద్యోగ జీవితంలో అంత పొందికైన చేవ్రాత అరుదుగా చూశాను. 'ఆవు పాలు ఇచ్చును' అన్న వాక్యంలో ఆవు అన్న మాట మీద వేలుంచి, బొమ్మల పుస్తకం ముందు పెట్టి, ఏదో చూపించమని సైగ చేశాను. పిల్ల నా ముఖం చూసి నవ్వింది. పెన్సిలు తీసుకొని ఆ వాక్యాన్నే మరొకసారి, ఇంకా అందంగా వ్రాసింది. నల్లబల్ల మీద ఉన్నది ఉన్నట్లు దించడమే చదువని ఆమె గ్రహించింది. మూడేళ్ళలో అంతకు మించి ఆమెకు అందినది లేదు.

బడివారిని ఆడిపోసుకోను. ఇద్దరు ఉపాధ్యాయులు, అయిదు తరగతులు. 'బంగారమండీ, అల్లరే చేయదు' అన్నారు ప్రధానోపాధ్యాయులు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. అల్లరి చేసే పిల్లవాడిని గూర్చి బడి ఆలోచిస్తుంది, నెమ్మదస్తురాలిని గూర్చి ఆలోచించవలసిన అగత్యం ఎవరికీ కలగదు. ప్రత్యేక పాఠశాలకు పంపుదామంటే, 'చట్టం అందరినీ కలిపి చదివించమంటోంది కదా' అన్నారాయన. హాజరుపట్టీలో ఒక పేరు తగ్గుతుందన్న దిగులు కూడా ఉండవచ్చు, అది ఆయన పైకి అనలేదు.

చట్టం తెచ్చి చదివాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షను, నలభై శాతానికి తగ్గని వైకల్యమున్న ఆరు మొదలు పద్దెనిమిదేళ్ళ పిల్లలకు ఉచిత విద్య హక్కు ఇస్తూ, అది ఇరుగుపొరుగు బడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్న ఎంపికను వారికే విడిచింది. 16వ సెక్షను, వినలేని పిల్లలకు వారికి మిక్కిలి తగిన భాషలో, తగిన పద్ధతిలో చదువు చెప్పాలంటుంది. భాష అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. కాలు నడవని పిల్లవాడికైతే ఈ ఊరి బడిలోనే వాలుబాట కట్టించమని పోట్లాడేవాణ్ణి. ఈ పిల్లకు కావలసింది బాట కాదు, భాష. అది మా ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు.

మండలంలోని భవిత కేంద్రం టీచరమ్మ ఈ సంగతి నాకంటె ముందే గుర్తించింది. అన్ని రకాల వైకల్యాల పిల్లలనూ ఆమే చూడాలి, మా ఊరికి ఎప్పుడో గాని రాలేదు. భారతీయ సంజ్ఞాభాషకు ప్రత్యేక వ్యాకరణమున్నదని ఆమె చెప్పగా విన్నాను. 'ఎవరు, ఎక్కడ' వంటి ప్రశ్నపదాలు వాక్యం చివర వస్తాయట, కనుబొమల కదలికకూ అందులో వ్యాకరణ ప్రయోజనం ఉందట. ఇన్నాళ్ళూ అది చేతులతో చూపే తెలుగు కాబోలు అనుకొనేవాళ్ళం చాలామందిమి. 2018లో 3,000 పదాలతో వెలువడిన దాని నిఘంటువు 2021 నాటికి 10,000 పదాలకు పెరిగింది.

చట్టం కన్న గట్టి అడ్డు ఇంట్లో ఉంది. 'కళ్ళెదుట ఉంటే చాలు బాబూ, ఆడపిల్లని హాస్టల్లో పడేస్తారా?' అని నాయనమ్మ కంట తడి పెట్టుకొంది. ఆ భయం అర్థం లేనిది కాదు. వసతిగృహాల సంగతి తెలిసినవాడిగా ఆమెకు నేను బదులు చెప్పలేకపోయాను. టీచరమ్మే తల్లిని వెంటబెట్టుకొని పొరుగు జిల్లాలోని బధిరుల పాఠశాలకు తీసుకువెళ్ళింది. పడకలు, స్నానపు గదులు, రాత్రి కాపలా ఉండే ఆయా అన్నీ చూసి వచ్చి, ఆ తల్లి వాటిని గూర్చి రెండు ముక్కలే చెప్పింది. 'అన్నాల దగ్గర పిల్లలు చేతులతో పోట్లాడుకుంటున్నారు మాస్టారూ. మా అమ్మాయి ఎవరితోనైనా పోట్లాడగా నేనింతవరకు చూడలేదు' అంది.

నాయనమ్మ ఆ రాత్రి ఏమీ అనలేదట. మర్నాడు పెట్టె సర్దింది.

తరువాతిది కాగితాల పని. అప్పటికి ఆగస్టు దాటింది. వచ్చే జూనులో రమ్మన్నారు ఆ పాఠశాలవారు. గడువు మీరిందన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించరాదని 2009 విద్యాహక్కు చట్టం 15వ సెక్షనులో ఉంది. ఆ మాట, వైద్యమండలి ధ్రువపత్రం, ఆడియోగ్రాం నకలు జతచేసి అర్జీ వ్రాశాను. ఒక ప్రతి జిల్లా సంక్షేమాధికారికి. 'తమరి దయకై' అని వ్రాసే పాత అలవాటును ఈ ఒక్కసారి విడిచి, 'ఈ హక్కు ప్రకారం' అని వ్రాశాను. పదిహేడు రోజులకు సీటు ఇచ్చారు. వయసును బట్టి మూడవ తరగతి పట్టీలోనే పేరు వ్రాసి, భాష కోసం మాత్రం చిన్నపిల్లలతో కూర్చోబెట్టారు. అది నాకు సమంజసంగానే తోచింది.

సంక్రాంతికి వచ్చిన పిల్ల చేతులు ఒక్క క్షణం ఊరుకోలేదు. నాయనమ్మకు ఏదో పెద్ద కథ చెబుతోంది. ఆమెకు ఒక్క ముక్క తెలియక తల ఊపుతోంది. 'ఇప్పుడు మూగవాళ్ళం మేమయ్యాం మాస్టారూ' అన్నాడు తండ్రి. సెలవుల్లో తల్లిదండ్రులకు సంజ్ఞాభాష నేర్పే ఏర్పాటు మండల కేంద్రంలో చేయించమని, పది కుటుంబాల సంతకాలతో మరొక అర్జీ పంపాము. దానికి ఇంకా జవాబు రాలేదు.