చదవరాని సంతకాలు

మీ పాస్టరుకు ఒక పిచ్చి ఉందని సంఘంలో చాలామందికి తెలుసు. పాతకాలపు హైదరాబాదు ఫుట్‌బాల్ ఆటగాళ్ల సంతకాలు, ఫొటోలు, పేపరు కటింగులు పోగుచేస్తాను. సెమినరీ రోజుల్లో ఆదివారం ఆరాధన ముగిశాక ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతకడంతో మొదలైంది. క్రికెటర్లవైతే నలుగురు చూస్తారు గదా అని ఇంట్లో అంటారు.

వీళ్లు చిన్నవాళ్లు కారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు తెచ్చింది. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం ఒకప్పటి బడిపంతులు. ఆయన చేతికిందే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారం గెలిచింది. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం రెండు జట్లలోనూ ఉన్నాడు. సినిమా వచ్చాక రహీం పేరు కొందరికి తెలిసింది. మిగతావాళ్లు?

సేవకుడికి సంతకాలతో పనేమిటని సంఘ పెద్ద ఒకరు అడిగారు. థెస్సలొనీకయులకు రెండో పత్రిక చివర చూడమన్నాను. పౌలు వందనం తన చేతితోనే రాసి, ప్రతి పత్రికలో అదే తన గురుతని చెబుతాడు. రోమా పత్రిక పదహారో అధ్యాయంలో ఆయన వందనాలు పంపినవాళ్లలో చాలామంది గురించి మనకు పేరు తప్ప ఏమీ తెలియదు. అయినా ఆ పేర్లు వదలకుండా చదువుతున్నాం.

పోయిన వేసవిలో షక్కర్‌నగర్‌లో ఒక అవ్వ ట్రంకుపెట్టె తెరిచింది. భర్త నిజాం షుగర్స్‌లో చేసి పోయాడు. 2015లో ఫ్యాక్టరీ మూతపడ్డాక కాలనీలో ఒక్కో ఇల్లు ఖాళీ అవుతోంది, ఆమె కూడా కొడుకు దగ్గరికి పోతోంది. సగం కాగితాలు అప్పటికే పాతసామాన్ల బండికెక్కాయి. మిగిలినవాటిలో నోటుపుస్తకం కాగితం ఒకటి, ఐదు సంతకాలతో. రెండు ఇంగ్లీషులో, మూడు ఉర్దూలో. ఒకటి పేరున్న ఆటగాడిది. ఆ ముక్క వరకు కత్తిరిస్తే పైసలొస్తాయని మనుమడన్నాడు. అవ్వ నా ముఖం చూసింది. నేను వద్దన్నాను. వాళ్లకు పైసల అవసరం ఉందని తెలిసీ అన్నాను.

బోధన్‌లో రిటైరైన ఉర్దూ సారు రెండు పేర్లు చదివిపెట్టారు. మూడోది ఆయనకూ అంతుపట్టలేదు, ఉత్త గీత. అవ్వనే అడిగాను.

"ఈయననా అయ్యగారూ? మా ఇంటికొచ్చిండు. పెద్దోడు కడుపుల ఉన్నప్పుడు. చాపల పులుసు రెండుమాట్ల ఏయించుకున్నడు. కాలుకు పట్టీ ఉండె. పేరే యాదికొస్తలేదు."

వేరే కాగితం మీద పెన్సిల్‌తో అదే రాసి, దాని వెనక పెట్టాను.